ఎడమ తాడు

ఒక్క చుట్టు తిరిగింది. మోటారు గుర్రుమంది, తోలు బెల్టు కదిలింది, ఇరుసు చివర ఇనుప చక్ కోరల్లో బిగించిన అంకుడు కర్రముక్క నిదానంగా ఒక్క పొర్లు పొర్లింది. అంతలో కోటవీధి మొత్తానికి కరెంటు పోయింది. నెత్తిమీద ఫ్యాను ఆగింది. పక్కింటి టీవీలో ఎవరో మాట సగంలో మింగేశారు. శివరామకృష్ణ గోడ దగ్గర స్విచ్చు మీద వేలు పెట్టి, వీపు ఇటు తిప్పి ఉన్నాడు కాబట్టి చూడలేదు. మంచం మీద కూర్చున్న గులాం మొహమ్మద్ కళ్ళకి పొరలు కమ్మి చాలా కాలమైంది కాబట్టి చూడలేదు. గుమ్మంలో చాటలో బియ్యం ఏరుకుంటున్న ఆయన కూతురు మెహరున్నీసా ఒక్కతే చూసింది. కర్ర తప్పు వైపు తిరిగింది.

కళ్ళకంటే ముందు ఆ సంగతి ఆమె ఎడమ మోచేతికి తెలిసింది. లోపల నరం ఒకటి ఎవరో పట్టి లాగినట్టయింది. ఈ లేత్‌కి మోటారు లేని రోజుల్లో, కర్రని తిప్పే ఈ యంత్రం నేలమీద బారుగా పడుకుని ఉండే రోజుల్లో, ఇరుసుకి తాడు రెండు చుట్లు చుట్టి రెండు కొసలూ ఆమె చేతుల్లో పెట్టేవాడు తండ్రి. కుడిచేత్తో లాగితే కర్ర ఆయన వైపు దిగుతూ వచ్చేది. ఎడంచేత్తో లాగితే వెనక్కి లేస్తూ పోయేది. దిగి వస్తున్నప్పుడే ఉలి ఆనించాలి, లేచి పోతున్నప్పుడు వెంట్రుకవాసి ఎత్తి పట్టాలి. కుడి తాడు కోతకి, ఎడమ తాడు ఊరికే. కుడి, ఎడమ, కుడి, ఎడమ. గౌను తొడుక్కునే వయసు నుంచి నిఖా అయ్యేదాకా ఆమె రెండు చేతులూ చేసిన పని అదే. బంగారు గాజులు తొడిగిన రోజున కూడా కుడి చెయ్యి లావుగా ఉండి గాజు ఎక్కలేదు, సబ్బు రాసి ఎక్కించారు. అలాంటి చేతులు పొరబడవు. ఇప్పుడు తిరిగింది ఎడమ తాడు తిరుగుడు.

చెప్పాలి అనుకుంది. నోరు తెరిచింది కూడా. సరిగ్గా అప్పుడే తండ్రి మంచం మీదనుంచి, "తిరిగింది కదా బేటా, నాకు సప్పుడు వినపడింది, ఒక్క సుట్టు తిరిగింది" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమె నోరు మూసుకుంది. బియ్యంలోంచి ఒక రాయి తీసి వాకిట్లోకి విసిరింది.

శివరామకృష్ణ స్విచ్చు ఆపేశాడు, కరెంటు ఉన్నపళంగా వస్తే ప్రమాదమని. జాగ్రత్త గలవాడు. అచ్యుతాపురంలో ఏదో కంపెనీలో మెయింటెనెన్స్ ఫిట్టరు, రోజూ మోటార్లు విప్పి బిగించే మనిషి. ఎవరికో ఫోన్ చేసి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పని జరుగుతోందట ఉస్తాద్, గంట పడుతుందట అన్నాడు. చొక్కా కొసతో మెడ తుడుచుకుని లేత్ పక్కనే ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. గంట. సరే. గంటలో ఏమైనా జరగొచ్చు. మోటారుని పోయిన ఆదివారం నేలమీద పెట్టి తిప్పి చూసుకున్నాడు, అప్పుడు బెల్టు తగిలించే దాని మూతి అతని వైపుంది. ఇవాళ స్టాండు కింద బిగించేటప్పుడు చోటు చాలక అటు తిప్పి బిగించాడు. మోటారుని తిప్పి పెడితే దాని తిరుగుడు కూడా తిరగబడుతుందని అతనికి తెలియక కాదు. ఆదివారం సంబరంలో, ఉస్తాద్ ముందు నిలబడ్డ ఉబలాటంలో, మరిచిపోయాడు. మరిచిపోతే పోయాడు. ఎప్పుడూ ఏదీ మరిచిపోని వాడు ఒక్కసారి మరిచిపోయాడు, దాన్ని గుర్తుచెయ్యడానికి ఆమెకేం పట్టింది?

గాలి లేదు. హార్బరు వైపు నుంచి ఓడ కూత ఒకటి వచ్చి ఇళ్ళ మధ్య ఇరుక్కుపోయింది. సాయంత్రం లేత్ కోసం గూడ్స్ ఆటో వస్తుంది. తండ్రి పెట్టిన షరతు అది, ఆమె చెవులారా విన్నది. తిరిగితే తీసుకుపో, తిరక్కపోతే ఇక్కడే పడి ఉండనీ అన్నాడు. తిరిగితే కూర్మన్నపాలెంలో శివరామకృష్ణ ఇంటి మేడమీద రేకుల షెడ్డులోకి పోతుంది. అక్కడ టైల్సు వేయించాడట. లేత్‌కి టైల్సు! దానితో పాటు ఉలులూ పోతాయి, పిడులు తండ్రి అరచెయ్యి ఆకారానికి అరిగిపోయిన ఉలులు. ఉలులతో పాటు తండ్రి ఆదివారాలు కూడా పోతాయి, అతను స్కూటర్ మీద ఎక్కించుకుని తీసుకుపోతానన్నాడు, తండ్రి ఇప్పటికే అత్తరు సీసా తీసి దిండు పక్కన పెట్టుకున్నాడు. ఆమె ఆస్పత్రికి రమ్మంటే మోకాళ్ళు నొప్పులనే మనిషి. కంటి ఆపరేషన్‌కి అడిగీ అడిగీ ఆమె నోరు అరిగింది. స్కూటర్ ఎక్కడానికి మాత్రం మోకాళ్ళు ఒప్పుకున్నాయి.

అసలు ఈ లేత్ ని ఇన్నాళ్ళూ ఎవరు చూసుకున్నారని? ఆ మాట మనసులో లేవగానే ఆమె ముఖం తిప్పుకుంది, ఎందుకంటే చూసుకోలేదు. అదే మంట. పెరట్లో నీళ్ళ డ్రమ్ము కింద ఎత్తుకి పెట్టిన దుంగ అది. ఆమే పెట్టింది. తల్లి నర్గీస్ పోయాక, తాను భర్త జాకీర్‌తో సహా తండ్రి ఇంటికి వచ్చి చేరాక, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో తెలియని ఆ నెలల్లో, డ్రమ్ము పెట్టుకోవడానికి గట్టిగా ఉందని లాక్కొచ్చి పెట్టింది. రోజూ చెంబు ముంచేది దానిమీదే. కారిన నీళ్ళు దానిమీదే. శివరామకృష్ణ మొదట వచ్చింది దేనికి? ఉయ్యాల కోడు విరిగిందని, కర్రని తిప్పి చెక్కే పాత తరిణె పనివాళ్ళు ఈ వీధిలో ఉండేవారని ఎవరో చెబితే వచ్చాడు. తండ్రికి చూపు లేదని తెలిసి వెళ్ళిపోబోతూ, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి, డ్రమ్ము దగ్గర అలాగే వంగిపోయాడు. "అక్కా, దీని మీద నీల్లెట్టేసేరేటి, ఇది లేత్ కదా" అన్నాడు. కోపంగా కూడా కాదు, ఎవరో పిల్లాడు నీళ్ళలో పడి ఉంటే అన్నట్టు. అంతే, ఆ నిమిషం నుంచి అది అతనిదైపోయింది. రోజూ చూసిన ఆమెకి దుంగ. ఒక్కసారి చూసిన అతనికి లేత్. ఆ కన్ను ఆమెకెందుకు లేదు? లేకనా? ఉండీ మూసుకుంది. మూసుకోకపోతే రోజూ దానిమీద చెంబు ముంచగలదా?

ఆ తర్వాత ఆదివారం ఆదివారం. తుప్పు గీకాడు. కిరసనాయిల్లో ఇరుసుని నానబెట్టాడు. కుళ్ళిన దుంగ కొసలు కోసేసి టేకు అతుకు వేశాడు, ఎంత బాగా వేశాడంటే అతుకు ఎక్కడుందో ఆమె గోటికి దొరకలేదు, దొరుకుతుందేమోనని వెతికింది మరి. నేలమీద పడుకునే లేత్‌ని ఇనుప స్టాండు మీదకి ఎత్తాడు, నిలబడి చెయ్యడానికి వీలుగా. తండ్రి నేలమీద కూర్చుని, కుడికాలి బొటనవేలితో ఉలి కొసని పట్టి నడిపేవాడు. ఆ కాలికి ఇప్పుడు పని లేదు, మంచం మీంచి వేలాడుతూ ఉంటుంది. అయినా తండ్రి ఒక్క మాట అనలేదు. ఆమె కూరలో ఉప్పు ఒక రవ్వ ఎక్కువైతే కంచం పక్కకి జరిపే మనిషి, తన బొటనవేలినే తీసేస్తే, "మంచి ఎత్తుంది బేటా, నడుం పట్టదు" అన్నాడు. బేటా. జాకీర్‌ని కూడా ఎప్పుడూ అలా పిలవలేదు. జాకీర్‌కి ఆ బాధ లేదు. హార్బరులో ఐసు ఫ్యాక్టరీ డ్యూటీ నుంచి వచ్చి, అన్నం ముందు కూర్చుని నవ్వుతాడు. "ఏటే, మీ నాన ఆ లేత్‌కి మొగుణ్ణి సూసేసినట్టున్నాడు. నువ్వేటి సవితిలా మొకం పెట్టేవ్?"  సవితి. ఆ మాట అంత సరిగ్గా ఎలా దొరికింది ఆ మొద్దు మనిషికి?

కానీ అదీ పోనీ. బేటా అంటే అనుకోనీ, కొడుకు లేని మనిషి. ఖర్జూరాల డబ్బా అతని ముందుకు తోస్తే తొయ్యనీ. పోయిన ఆదివారం మాట మాత్రం పోదు. టీ గ్లాసులు తీసుకొస్తూ తలుపు వెనక నుంచి విన్నది. ఉలి పట్టు నేర్పుతున్నాడు తండ్రి, అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుని, వేలు వేలు సర్దుతూ. అతను ఊరికే అడిగాడు, మోటారు లేనప్పుడు మీకు తాడు ఎవరు లాగేవారు ఉస్తాద్ అని. తండ్రి ఆలోచించను కూడా లేదు. "ఎవరో ఒకరు లాగేవోరు" అన్నాడు. అని, బొటనవేలు ఇక్కడ పెట్టు అన్నాడు.

ఎవరో ఒకరు. గ్లాసులు రెండూ ట్రేలో ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి. ఎవరో ఒకరు బడి మానేశారు. కళ్ళకి పెట్టుకునే సుర్మా దాచే భరిణెలు, సుర్మాదానీల బేరం వచ్చిన ఏడు ఎవరో ఒకరి అరచేతులు పగిలి నెత్తురు కారితే, తాడు ఎర్రబడిందని ఎవరో ఒకరి అమ్మ ఆముదం రాసి గుడ్డ చుట్టింది. ఎవరో ఒకరు కళ్ళెత్తి చూడకూడదు, తాడు లాగేవాళ్ళ చూపు కర్ర మీదే ఉండాలి, ఉలి మీదకి పోకూడదు, పోతే చెయ్యి తడబడుతుంది. అదీ కట్టుబాటు. ఆమె కర్ర మీదే చూసింది, అందుకే కర్రని ఆమె చూసినట్టు ఎవరూ చూడలేదు. అది ఎక్కడ ముడి దాచుకుందో, ఎప్పుడు చీలబోతోందో, ఎటు తిరుగుతోందో. ఉలి అడిగింది ఒకసారి. ఒకే ఒకసారి. తండ్రి కోప్పడలేదు, నవ్వాడు. ఆడపిల్ల చెయ్యి తాడుకే బాగుంటుంది, ఉలి పడితే మొరటు తేలుతుంది, రేపు నిన్నెవరు చేసుకుంటారు అన్నాడు. తాడు లాగి మొరటు తేలిన చేతులతో ఆమె అలాగే కూర్చుంది.

శుక్రవారాలుండేవి. అది ఎవరికీ తెలియదు, జాకీర్‌కి కూడా. తండ్రి జుమ్మా నమాజుకి వెళ్ళాక గంట సేపు. తలుపు గడియ పెట్టి, అమ్మ తాడు పట్టేది. అమ్మకి ఉబ్బసం, పది లాగులకి ఆగి దమ్ము తీసుకునేది, అయినా పట్టేది. మెహరున్నీసా తండ్రి చోట్లో కూర్చుని, తండ్రి బొటనవేలు పెట్టే చోట తన బొటనవేలు పెట్టి, ఉలి ఆనించేది. మొదట్లో కర్ర ఉమ్మేసేది దాన్ని. తర్వాత తర్వాత పొట్టు సన్నగా, పొడుగ్గా, ఉంగరాలుగా లేచి ఒడిలో పడేది. సుర్మాదాని నడుము, మూత, మూత మీద చిన్న మొగ్గ. అమ్మ చూసి, చెంగుతో తుడిచి, ముద్దు పెట్టుకుని పొయ్యిలో పెట్టేసేది. తండ్రి వచ్చేసరికి అన్నం ఉడికేది. ఎన్ని పొయ్యిలోకి పోయాయో. తండ్రి తిన్న అన్నం కింద తన సుర్మాదానీలన్నీ కాలాయి, ఆయనకి రుచి కూడా తెలియలేదు. అమ్మ ఎందుకంత భయపడింది? అడుగుదామనుకునేలోపు నిఖా, అత్తారిల్లు, భీమిలిలో చేపల వాసనలో కొన్నేళ్ళు. అమ్మ పోయింది. ఇప్పుడు చెబితే మాత్రం ఎవరు నమ్ముతారు? రుజువేది? బూడిద.

"అక్కా, కొన్ని మంచినీల్లు" అన్నాడు శివరామకృష్ణ. తెచ్చి ఇచ్చింది. గ్లాసు అందుకుంటూ అతను పక్కకి జరిగాడు. అప్పుడు, అతని భుజం మీదుగా, ఆమెకి చక్ వెనక సన్నటి గీత కనిపించింది. కొత్త రూపాయి అంచులా మెరుస్తోంది. ఇందాక లేదు. ఉదయం అతను చక్‌ని ఇరుసుకి మరలతో బిగిస్తుంటే ఆమె చూసింది, సీసా మూత బిగించినట్టు చేత్తో తిప్పి తిప్పి చివరకంటా దిగ్గొట్టాడు. ఆ మూత కొంచెం విప్పుకుంది. ఒక్క చుట్టుకే. అంటే కర్ర వెనక్కి తిరుగుతుంటే చక్ తన మరల్ని తానే ఊడదీసుకుంటోంది. తల్లీ. పాత లేత్‌లో ఈ చిక్కు లేదు, కర్ర రెండు మేకుల మధ్య ఉండేది, ఎటు తిరిగినా ఊడేదేమీ లేదు. అందుకే తండ్రికి కూడా, చూపున్నా సరే, తప్పు వైపు అనే మాట తట్టదు, ఆయన బతుకంతా కర్ర రెండు వైపులా తిరిగింది. చక్ ఇతను తెచ్చింది. మూడు కిలోల ఇనుము. మోటారు పూర్తి వేగం అందుకున్నాక, ఉలి ఆనించగానే అది ఊడుతుంది. ఉలి పట్టినవాడు ఎక్కడ నిలబడతాడు? దానికి ఎదురుగా. ముఖం ఎంత ఎత్తులో ఉంటుంది? స్టాండు ఎత్తు అతనే కొలుచుకుని చేయించుకున్నాడు.

ఆమె వెళ్ళి మళ్ళీ గుమ్మంలో కూర్చుంది. చాటలో బియ్యం అయిపోయాయి. ఏరినవే మళ్ళీ ఏరింది. ఊడుతుందా? ఊడకపోవచ్చు. ఊడినా పక్కకి పోవచ్చు, కింద పడొచ్చు, గోడకి తగలొచ్చు. తగిలితే గోడ పెచ్చు ఊడుతుంది, లేత్ ఆగిపోతుంది, గూడ్స్ ఆటో ఖాళీగా తిరిగి వెళ్ళిపోతుంది. తండ్రి అంటాడు, ఇదేం పని బేటా అని. ఆ గొంతులో మొట్టమొదటిసారి చిన్న పగులు. ఆ ఒక్క పగులు చాలు ఆమెకి. ఎంతసేపు? ఒక్క నిమిషం. చెవులు నిండా వింటుంది. ఆమె ఏం చేసింది? ఏమీ చెయ్యలేదు. మోటారు తిప్పి పెట్టింది ఆమె కాదు. చూడలేదు అంటే అయిపోతుంది, ఆడమనిషి బియ్యం ఏరుకుంటోంది, ఆమెకేం తెలుసు లేతుల సంగతి, ఎవరో ఒకరు. అనుకునే కొద్దీ అది నిజమయ్యేలా ఉంది. నుదుటి మీద చెమట కంట్లోకి దిగితే తుడుచుకోలేదు. ముఖానికే తగిలితే? తగలనీ అని ఆమె అనుకోలేదు. తగలనీ అని అనుకున్నది ఆమె లోపల ఎవరో. ఆ ఎవరో సరిగ్గా ఆమె గొంతుతోనే అన్నది. శివరామకృష్ణ ఏం తప్పు చేశాడు? ఏదీ లేదు, అదే వాడి తప్పు. వచ్చినప్పుడల్లా జామకాయలు తెస్తాడు. అక్కా అంటాడు. ఉయ్యాలలో పడుకునే పిల్ల ఉంది వాడికి, ఫోనులో ఫొటో చూపించాడు, బోసినవ్వు.

గంట కాబోతోంది. అతను నిలబడి ఉలిని రాయి మీద నూరుతున్నాడు, తండ్రి నేర్పినట్టే, ముందుకు తోసేటప్పుడు మాత్రమే ఒత్తుతూ. తండ్రి తల పక్కకి వాల్చి ఆ చప్పుడే వింటున్నాడు. ఆ వినడం చూస్తుంటే ఆమెకి ఆస్పత్రి కనిపించింది. ఆ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, కానీ వచ్చాక వదల్లేదు. దవడకి కట్టుతో శివరామకృష్ణ మంచం మీద. పక్కన స్టూలు మీద తండ్రి. మోకాళ్ళు నొప్పులున్నా వెళ్ళాడు, ఎవరి చెయ్యో పట్టుకుని మెట్లెక్కాడు. వాడి చెయ్యి తన చేతిలో పెట్టుకుని, చూపులేని కళ్ళతో, ఏడుస్తున్నాడు. గులాం మొహమ్మద్ ఏడవడం ఆమె చూడలేదు. అమ్మ పోయినప్పుడు ఖబ్రస్తాన్ నుంచి వచ్చి చేతులు కడుక్కుని నీళ్ళు తాగాడు. ఆమెకి మొదటి బిడ్డ పురిట్లోనే పోయినప్పుడు అల్లా ఇచ్చాడు అల్లా తీసుకున్నాడు అన్నాడు, అంతే. ఆ మనిషి కన్నీళ్ళు, బతుకంతా దాచిపెట్టిన మొత్తం కన్నీళ్ళు, వీడికి పోస్తాడు. వాడు బాగయ్యేదాకా రోజూ వెళ్తాడు. వాడి పళ్ళు ఊడితే వాడికి పళ్ళరసం పట్టిస్తాడు. వాడి పేరు మీద దువా చేస్తాడు. వాడు అప్పుడు పూర్తిగా కొడుకైపోతాడు, గాయపడ్డ కొడుకు. లేత్ ఇక్కడే ఉంటుంది, తండ్రి అక్కడ ఉంటాడు. ఛీ. అది మాత్రం ఇవ్వదు. లేత్ ఇస్తుంది, ఉలులిస్తుంది, ఆదివారాలిస్తుంది. ఆ ఏడుపు మాత్రం వాడికి దక్కనివ్వదు.

మసీదు మైకు మూగగా ఉంది, కరెంటు లేక. ఎవరో ఉట్టి గొంతుతోనే అసర్ నమాజుకి పిలుపు, అజాఁ, ఇచ్చారు, వీధి మలుపులో తెగి తెగి వినిపించింది. గులాం మొహమ్మద్ గోడ పట్టుకుని లేచి లోపలి గదిలోకి వెళ్ళాడు, కుర్చీలో కూర్చుని నమాజు చదువుకోవడానికి. పరదా వెనక్కి పడింది. పరదా ఊగడం ఆగకముందే పైన ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది.

శివరామకృష్ణ స్విచ్చు వైపు రెండు అడుగులు వేసి, పరదా చూసి ఆగాడు. ఉస్తాద్ నమాజు అయ్యాక వేద్దాం అని సైగ చేశాడు. ఉలి తీసుకుని, చక్‌కి ఎదురుగా, సరిగ్గా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. మెహరున్నీసా లేచింది. చాట గుమ్మంలోనే ఉండిపోయింది. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"స్విచ్చెయ్యకు."

"ఏటక్కా?"

"కర్ర ఎనక్కి తిరుగుతంది. సక్ ఊడొచ్చి నీ మూతి పగులుద్ది. సూడు, అప్పుడే సందిచ్చింది."

అతను వంగాడు. సందులో గోరు పెట్టి చూశాడు. మోటారు వైపు చూశాడు, స్టాండు కింద అటు తిరిగి ఉన్న దాని మూతి చూశాడు.  నెమ్మదిగా నిటారుగా నిలబడ్డాడు.

"ఎప్పుడు సూసేవు?"

"కరెంటు పోయినప్పుడు."

అతను లెక్క కట్టుకున్నాడు. ముఖంలో అది ఒక్కో మెట్టూ ఎక్కడం ఆమె చూస్తూనే ఉంది. గంట. ఈవిడకి గంట నుంచీ తెలుసు. నీళ్ళు తెచ్చిచ్చినప్పుడు తెలుసు. ఏమైనా అంటాడనుకుంది. అంటే బాగుండును, ఒక్క మాట గట్టిగా అంటే ఆమె కూడా అనగలదు, ఇన్ని ఆదివారాల మాటలున్నాయి. అతను వంగి, తోలు బెల్టు జార్చి, ఎనిమిది అంకెలా మెలి తిప్పి మళ్ళీ ఎక్కించాడు. చక్ తిప్పి చివరకంటా బిగించి, చెయ్యి తుడుచుకున్నాడు. అంత చిన్న పని. బెల్టు మెలితో కర్ర దారికి వచ్చేస్తుంది. అయిపోయాక, ఇక ఏం చెయ్యాలో ఆమెనే అడుగుతున్నట్టు నిలబడ్డాడు.

"మొదటి ముక్క నాను తీత్తాను" అంది.

"నీకొచ్చేటక్కా?"

"నీకు నాలుగు ఆదివారాలకి ఒచ్చింది. నాకు రాదేటి?"

ఉలి ఇచ్చాడు. పిడి వైపు ఆమెకి పెట్టి ఇచ్చాడు, అది కూడా తండ్రి నేర్పిందే. లోపల నమాజు ముగిస్తూ సలాం చెప్పే గొణుగుడు వినిపించింది, కుడివైపు, ఎడమవైపు. తర్వాత తసబీ పూసలు. "ఏటి సూత్తన్నావు బేటా, కరెంటొచ్చీసింది, తిప్పు" అని కేక. శివరామకృష్ణ స్విచ్చు వేశాడు.

కర్ర దిగి వచ్చింది. ఆమె వైపు. నిలబడి ఎప్పుడూ చెయ్యలేదు, కాలి బొటనవేలు చెప్పులో ఊరికే ముడుచుకుంది, పట్టుకోవడానికి ఏమీ లేక. ఉలి ఒకసారి జారి గీక్కుపోయింది. శివరామకృష్ణ చెయ్యి ముందుకు వచ్చింది, ఆమె మోచేత్తో తోసేసింది. మళ్ళీ ఆనించింది. ఎత్తబోయింది, ఎడమ తాడు కోసం. ఎడమ తాడు రాలేదు. మళ్ళీ ఎత్తబోయింది, మళ్ళీ రాలేదు. ఈ కర్ర పోవడం లేదు, వస్తోంది, వస్తూనే ఉంది, ఆగి దమ్ము తీసుకునేవాళ్ళు లేరు, పగిలే చేతులు లేవు. ఆమె ఎత్తడం మానేసింది. పొట్టు లేచింది, సన్నగా, ఆగకుండా, ఒకే ఉంగరం మీద ఉంగరం, మణికట్టు మీద, పైట మీద, జుట్టులో. అంకుడు వాసన గదంతా నిండింది. గుండ్రం అయింది. భుజం తేలింది. మెడ తేలింది. నడుము దగ్గర ఉలి తనంతట తానే కిందికి దిగింది.

లోపల పూసల చప్పుడు ఆగింది.

"అదీ" అన్నాడు గులాం మొహమ్మద్ పరదా వెనక నుంచి. "అదీ సెయ్యంటే. ఇను, ఉలి ఎక్కడా మాటాడ్డం లేదు. నీకు ఇంత తొందరగా ఒత్తాదనుకోలేదు బేటా. నా కడుపున పుట్టకపోతే ఏటి, ఆ సెయ్యి నాదే. అచ్చంగా నాదే."

శివరామకృష్ణ నోరు తెరిచాడు. నాను కాదు ఉస్తాద్ అనబోయాడు, ఆ మొదటి అక్షరం పెదవుల మీదకి వచ్చేసింది కూడా. మెహరున్నీసా ఉలి మీంచి కళ్ళు తియ్యకుండానే, ఎడమ చెయ్యి ఒక్క క్షణం వదిలి, వేలు తన పెదవుల మీద పెట్టుకుంది. అతను ఆమె ముఖం చూసి నోరు మూసుకున్నాడు. చెబితే ఆ గొంతు అక్కడే ఆగిపోతుందని ఆమెకి తెలుసు. ఆగి, దగ్గి, టీ పెట్టమంటుంది. ఆ మాటలు వాడివి, వాడి పేరు మీద వచ్చినవి, వాడితో పాటు ఆటో ఎక్కి వెళ్ళిపోతాయి, ఆ సంగతి ఆమెకి తెలుస్తూనే ఉంది. అయినా చేతులు ఆమెవి, చెవులు ఆమెవి.

వీధి చివర గూడ్స్ ఆటో హారన్ కొట్టింది. "నా ఉస్తాద్ కూడా నన్నింత మెచ్చుకోలేదు" అంటున్నాడు తండ్రి, గొంతులో ఏదో తడి, "నాకు ఇంకోడు లేడు, నీకు అబద్దం ఎందుకు సెప్పాలి..." సుర్మాదాని ఎప్పుడో తయారైపోయింది. ఉలి తీసెయ్యాలి. తీస్తే చప్పుడు ఆగుతుంది, చప్పుడు ఆగితే ఆయనా ఆగుతాడు. నడుము అప్పటికే పుల్లంత సన్నబడింది, ఇంకొక్క కోత పడితే రెండు ముక్కలు. శివరామకృష్ణ స్విచ్చు మీద వేలు పెట్టి ఆమె వైపే చూస్తున్నాడు. లోపల్నుంచి తండ్రి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమె ఉలి తియ్యలేదు.